పదకొండో పాయింటు

మా బడి పిల్లలు నాకు పెట్టుకున్న పేరు ఎర్రపెన్ను. ఎదురుగా అనరు, అంత ధైర్యం ఎవరికీ లేదు. ఇరవై రెండేళ్లుగా నేను పట్టిన కుందేటికి మూడే కాళ్లు.

ఈ ఏడు తొమ్మిదో తరగతికి ‘సృజన’ అని కొత్త సబ్జెక్టు పెట్టారు. దానికోసం పనిముట్ల గది కూడా కట్టారు. రంపాలు, సుత్తులు, డ్రిల్లు, పొడవాటి బల్లలు. పరీక్షలో పదికి ఐదు దాటినవాళ్లకే శనివారాలు అందులోకి ప్రవేశం. ఆ సబ్జెక్టు ఎవరికి అంటగట్టారో వేరే చెప్పాలా?

నాకు తెలిసిన పద్ధతిలోనే చెప్పాను. ‘ఇటుకతో చేయగల పది పనులు’ అని అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు పది పాయింట్లు రాయించి, పరీక్షలో అదే ప్రశ్న ఇచ్చాను. ముప్ఫై ఎనిమిది మంది మక్కీకి మక్కీ దించేశారు. నాలుగో పాయింటూ తొమ్మిదో పాయింటూ ఒకటే: తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టడం. రాయిస్తుంటే మధ్యలో ఫోనొచ్చి తడబడ్డాను. ఒక్కరూ అడగలేదు. అందరూ రెండుసార్లు రాశారు, నేనూ రెండుసార్లు టిక్కు పెట్టాను.

ముప్ఫై తొమ్మిదో పేపరు మూడో బెంచీ పిల్లది. “గది ఎప్పుడు తెరుస్తారు మేడమ్?” అని రోజూ నా ప్రాణం తీసేది ఇదే. ఒకే ఒక్క పని రాసింది, పేజీ నిండా బొమ్మతో. వాళ్ల తాతకు పడుకుంటే ఊపిరి ఆడదట. అందుకని మంచం తలవైపు కోళ్ల కింద ఇటుకలు పెట్టిందట. నిలువుగా పెడితే పడిపోయాయి. అడ్డంగా పెడితే ఎత్తు చాల్లేదు. రెండేసి పేర్చి, మధ్యలో సైకిలు ట్యూబు ముక్క వేస్తే జారడం ఆగిందట.

నేను తయారుచేసిన జవాబుల కీలో మంచం ఊసే లేదు. సున్నా వేసి, ‘ఇంట్లో పెద్దల సంతకం కావాలి’ అని రాసి పంపాను.

మర్నాడు స్టాఫ్‌రూములో ఆ పిల్ల పేపరు తెచ్చిచ్చి బెల్లం కొట్టిన రాయిలా నిలబడింది. సున్నా పక్కన వణుకుతున్న అక్షరాలు.

“అమ్మా, సంతకం పెట్టాను. తప్పంటే ఒప్పుకుంటాను. ఆ ఇటుకలు మాత్రం తీయనివ్వను. నెల రోజుల తర్వాత మొన్నే నడుం వాల్చి నిద్రపోయాను. ఇట్లు, తాత.”

సిగ్గుతో చెవులు వేడెక్కాయి. అయినా గొంతు తగ్గితేగా!

“ఏమే, నేను చెప్పినవి ఎందుకు రాయలేదు?”

“అవి అందరూ రాస్తారు కదా మేడమ్. అదీగాక తొమ్మిదోది...” మింగేసింది.

“ఊఁ, తొమ్మిదోది?”

“నాలుగోదే మేడమ్.”

“మరప్పుడే చెప్పి ఏడవచ్చుగా?”

“తిడతారని.”

పేపరు పట్టుకుని, పిల్లను వెంటబెట్టుకుని క్లాసుకెళ్లాను. అందరి ముందూ మంచం సంగతి చెప్పి, సున్నాకు ముందు ఒకటి చేర్చాను. పిల్ల ముఖం చూసి నాకు కళ్లు చెమర్చాయి. ఇంతలో టపటపమని చప్పుడు. ముప్ఫై ఎనిమిది నోటుపుస్తకాలు తెరుచుకున్నాయి.

“మేడమ్, ఇది పదకొండో పాయింటా?” అంది క్లాసు లీడరు, పెన్ను మూత తీస్తూ. “కొంచెం మెల్లగా చెప్పండి, రాసుకుంటాం.”

తిట్టబోయాను. ఎవర్నని తిట్టను? ఆ అలవాటు చేసింది నేనే.

“మూసేయండి పుస్తకాలు. మీ ఇంట్లో ఎవరికి ఏది ఇబ్బందిగా ఉందో చూసి రండి. శనివారం గదిలో కూర్చుని దానికేం చేయొచ్చో చూద్దాం.”

“ఎన్ని రాయాలి మేడమ్?”

“నాకూ తెలీదమ్మా.”

ఇరవై రెండేళ్లలో ఆ ముక్క నా నోట రావడం అదే మొదలు. పిల్లలు ఒకళ్ల ముఖాలు ఒకళ్లు చూసుకున్నారు. మూడో బెంచీ పిల్ల లేచి నిలబడింది.

“మేడమ్, మా తాత మంచం ఇంకా కొంచెం ఊగుతోంది. శనివారం దాకా ఎందుకు?”

సంచిలోంచి తాళంచెవి తీసి దాని చేతిలో పెట్టాను.

“పద. నువ్వే తెరువు.”