ఏడు గంటల ఇన్‌స్పెక్టర్

సాయంత్రం ఏడు కొట్టేసరికి అత్తగారు కళ్ళజోడు తుడుచుకుని టీవీ ముందు కూర్చునేది. పోలీసు సీరియల్లోని ఇన్‌స్పెక్టర్ ఆవిడతో మాట్లాడేవాడు. దొంగను తరుముతున్నవాడల్లా ఆగి, "మోకాలి నొప్పి తగ్గిందా అమ్మా?" అని అడిగేవాడు. ఇంట్లో ఎవరికీ అది వింత కాదు. "అత్తయ్యా, పని వేళ ఆయన్ని మాటల్లో పెట్టకండి, దొంగ పారిపోతాడు" అని కోడలు వంటింట్లోంచి కేకేసేది, అంతే.

కోడలు నిజం పోలీసే. పట్టుబడిన సరుకు భద్రపరిచే గదికి తాళాలు ఆమె దగ్గరుండేవి. పన్నెండేళ్ళలో ఆ గదిలోంచి గుండుసూది కూడా పోలేదు.

ఆ నెల నలభై పొట్లాల మత్తుమందు పట్టుకొచ్చారు. నలభై పొట్లాలూ తగలబెట్టినట్టు కాగితం రాసి, స్టేషన్ పెద్దసారు ఆమె ముందు పెట్టాడు. ఆమె కళ్ళముందు కాలింది పదే.

"మిగతా ముప్పై ఏవి సార్?"

"నీకెందుకమ్మా? సంతకం పెట్టు, చల్లగా ఉంటావు."

"చూడనిదానికి పెట్టను సార్."

ఆయన నవ్వి కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. మూడో రోజు స్టేషన్లో ఆమె సొంత బీరువాలో ఒక పొట్లం దొరికింది. తాళాలు లాక్కుని, రేపు అరెస్టు అన్నారు. పన్నెండేళ్ళు పక్కపక్కనే పనిచేసినవాళ్ళు ఒక్కరూ ఆమె పక్షాన నిలబడలేదు.

ఆ సాయంత్రం ఆమె గోడకానుకుని కూర్చుంది. అత్తగారు టీవీ పెట్టింది.

"ఏమ్మా, ఇల్లిలా మూగబోయిందేం?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

ఆవిడ పూసగుచ్చినట్టు చెప్పింది. అతను టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"నేను ఎవరో రాసిచ్చిన ధైర్యం మాట్లాడతానమ్మా. సంతకం పెట్టనన్న మాట మీ కోడలికెవరు రాసిచ్చారు?"

"ఎవరూ రాయలేదు నాయనా. దాని నోటికి అదే వచ్చింది."

అతను టోపీ మళ్ళీ పెట్టుకున్నాడు. తర్వాత షూటింగ్ సెట్టు మెట్లు దిగి నడవసాగాడు. కెమెరా వెంట వెళ్ళింది. ఊళ్ళోని మార్కెట్టు వీధి దాటి, కోడలి స్టేషన్ వెనక గుమ్మం దగ్గర ఆగింది. పెద్దసారు కారు డిక్కీలో పొట్లాలు సర్దుతున్నాడు.

"ముప్పై ఉన్నాయా సార్?"

"ఇరవై తొమ్మిదేనయ్యా, ఒకటి దాని బీరువాలో పెట్టాంగా" అని, పెద్దసారు తలెత్తి కెమెరాను చూశాడు.

ఊరు ఊరంతా చూసింది. కమిషనరమ్మ కూడా చూసింది. ఎపిసోడ్ అయ్యేలోపే డిక్కీ ముందు నిలబడింది. మర్నాడు పొద్దున తనే ఇంటికి వచ్చి తాళాలు కోడలి చేతిలో పెట్టి, "నీలాంటివాళ్ళు ఇద్దరుంటే నేను నిశ్చింతగా నిద్రపోదును" అంది.

మరుసటి ఎపిసోడ్లో కొత్త ఇన్‌స్పెక్టర్ ఉన్నాడు. పాతాయన ఒక మూల బల్ల మీద కూర్చున్నాడు.

"రాసివ్వని చోటికి వెళ్ళానని తీసేశారమ్మా" అన్నాడు. "మీ కోడలి దగ్గర ఏదైనా పని దొరుకుతుందేమో అడుగుతారా?"

కోడలు వంటింట్లోంచి చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది. "తొమ్మిదింటికి రమ్మనండి అత్తయ్యా. ఆలస్యమైతే ఊరుకోను."

మర్నాడు ఆమె వెళ్ళేసరికి అతను సరుకు గది తలుపు ముందు నిటారుగా నిలబడి ఉన్నాడు. టీవీలోకన్నా కాస్త పొట్టి. ఆమెను చూడగానే సెల్యూట్ కొట్టాడు.