మడమ చెప్పిన మాట

నేను ఒక ఎముకల పరీక్ష యంత్రాన్ని. పెద్దాస్పత్రుల్లో మనిషిని పడుకోబెట్టి చూసే ఖరీదైన యంత్రాలకు పేద చుట్టాన్ని. కాలు పెట్టుకునే గుంట, దానికి అటూ ఇటూ రెండు మెత్తలు, ఓ చిన్న తెర, ఇంతే నా సంసారం. మీకు వినపడని శబ్దాన్ని మడమలోంచి పంపి, అవతలికి ఎలా చేరిందో వింటాను. గట్టి ఎముక ఒకలా పలుకుతుంది, గుల్లబారినది ఇంకోలా.

పుట్టింది ఎక్కడో చలిదేశపు కర్మాగారంలో. మొదట కొన్నది ఓ మందుల కంపెనీ. క్యాల్షియం బిళ్లలు అమ్ముకోవడానికి నన్ను ఊరూరా తిప్పింది. జనం వయసు దగ్గర అబద్ధమాడేవారు, బరువు దగ్గరా ఆడేవారు. మడమకు మాత్రం ఆ విద్య రాదు. మోజు తీరాక కంపెనీ నన్ను మెట్‌పల్లి వైపు బీడీ కార్మికులకు వైద్యం చేసే డాక్టర్ నుస్రత్‌కు ఇచ్చేసింది.

అక్కడికే ఒకనాడు లసుమవ్వ వచ్చింది. డెబ్బై దాటిన మనిషి. నడుము వంగింది గానీ నోరు వంగలేదు. వెంట వచ్చిన కోడలు జమున ఆమెను కూర్చోబెట్టి, తాను గోడకు చేరగిలబడింది. లసుమవ్వ ఎముక వయసుకు తగ్గట్టే పలికింది.

డాక్టర్ చూపు జమున మీద పడింది. "నీకూ నడుం నొప్పా?"

కోడలు నోరు విప్పేలోగా అత్తే అందుకుంది. "దానికి ఎప్పుడు జూసినా నొప్పే డాక్టరమ్మా. బిందె ఎత్తమంటే నొప్పి, బీడీల చాట ముంగట కూసోమంటే నొప్పి. నలభై ఏండ్లకే గట్లయితదా ఎవలికన్న?"

"నువ్వూ కాలు పెట్టమ్మా."

"నాకెందుకు మేడం" అంటూనే జమున పెట్టింది. శబ్దం పంపాను. అది అవతలికి చేరిన తీరు నాకు నచ్చలేదు. మళ్లీ పంపాను. అదే తీరు. అత్త ఎముక కన్నా కోడలి ఎముకే ఎక్కువ గుల్లబారింది.

డాక్టర్ గొంతు తగ్గించింది. "నెలసరి వస్తోందా?"

"గర్భసంచి తీసేసిన్రు మేడం. ఇరవై ఏడేండ్లప్పుడు. కడుపునొప్పి వస్తుండె."

"అండాశయాలు కూడానా?"

"ఏమేం తీసిన్రో మాకేం ఎరుక? అత్తమ్మ తియ్యమన్నది, తీసిన్రు."

"ఆడవాళ్ల ఎముకకు అండాశయాలే కాపుదల లసుమవ్వా. చిన్న వయసులోనే పోతే ఎముక తొందరగా గుల్లవుతుంది. ఈమెది బద్ధకం కాదు. ఈ మిషన్ అనుమానమే చెబుతుంది, నిజామాబాద్‌లో పెద్ద పరీక్ష చేయించండి. అప్పటిదాకా బరువులు ఎత్తనివ్వకు. జారిపడితే తుంటి విరుగుతుంది."

లసుమవ్వ కిందికి వంగి, పరీక్ష కోసం కోడలి మడమకు రాసిన జెల్లును తన కొంగుతో తుడవసాగింది. జమున సిగ్గుపడి కాలు లాక్కోబోతే గట్టిగా పట్టుకుంది.

"ఉండు బిడ్డా" అంది.

నిజామాబాద్‌కు అత్తే తోడు వెళ్లింది. నా అనుమానం నిజమైంది, మందులు మొదలయ్యాయి. అత్తాకోడళ్లు ఇప్పుడు పొద్దుటెండలో, వాకిట్లో కూర్చుని బీడీలు చుడుతున్నారని, నీళ్లు మోయడం కొడుకు వంతైందని విన్నాను. అతను నసిగితే, "నీ బొక్కలు గట్టిగున్నయి గదరా" అందట లసుమవ్వ.

మరుసటేడు ఆమె తమ వాడకట్టు ఆడవాళ్లను వెంటేసుకొచ్చింది. "దీనికీ సంచి తీసిన్రు, అగో దానికీ తీసిన్రు" అని ఒక్కొక్కరినే నా ముందు కూర్చోబెట్టింది. ఇన్నేళ్లూ నోటికి రాని మాటను అందరి ముందూ చెప్పేసరికి కొందరు ముఖం తిప్పుకున్నారు. కాలు మాత్రం అందరూ పెట్టారు.

ఆ తర్వాత నా తెర మసకబారింది, కొత్త యంత్రం వచ్చింది. నేనిప్పుడు విరిగిన చక్రాల కుర్చీ కింద, సామాన్ల గదిలో ఉన్నాను. మడమలు లేవు గానీ గోడ పలుచన, మాటలు వినిపిస్తాయి. మొన్న ఎవరో ఒకామె తన కోడలికి కడుపునొప్పని, డాక్టర్ సంచి తీయించుకొమ్మన్నాడని, రేపే తీసుకుపోతున్నానని చెప్పింది.

"ముందుగాల ఇంకో డాక్టర్‌కు సూపియ్యి" అన్నది లసుమవ్వ గొంతు. "ఆగమాగం జెయ్యకు. నేను జేసిన" అంది.