మొగలిలంకమ్మ పేరు

"కొట్టెయ్యమ్మా కోడలుపిల్లా. ఆ జమీందారు ముక్క కొట్టెయ్."

శ్రీవాణి చేతిలో ఉన్న గోరుచిక్కుడు కాయ పళ్ళెంలో పడేసి, ఒళ్ళో ఉన్న నోటుపుస్తకం అందుకుంది. మావగారు గంగరాజు గారు వరండాలో పడక్కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకుని ఉన్నారు. ఎనభై రెండేళ్ళ మనిషి, మూడో తరగతితో బడి మానేశారు. ఆయన ఒక మాటకీ ఇంకో మాటకీ మధ్య తీసుకునే వ్యవధిలో ఆమె గుప్పెడు కాయలకి ఈనెలు తీసెయ్యగలదు. వారం రోజులుగా అలాగే నడుస్తోంది. స్కూల్లో ఆరు పీరియడ్లు సోషల్ చెప్పి, కొత్తపేట నుంచి బస్సు దిగి, టీ పెట్టి, కూరగాయలు ముందేసుకుని కూర్చుంటుంది. ఆయన చెబుతారు, ఆమె రాస్తుంది.

నిజానికి ఇది ఆమె భర్త రాజేంద్రప్రసాద్ నెత్తికెత్తుకున్న పని. వచ్చే ఆదివారం మొగలిలంక వారి కార్తీక వనభోజనాలు. ఆ ఇంటిపేరు ఉన్నవాళ్ళ వాట్సాప్ గ్రూపులో నాలుగు వందల పన్నెండు మంది తేలారు. అమలాపురం, రాజోలు, కాకినాడ, హైదరాబాదు, ఆఖరికి ఖరగ్‌పూర్‌లో రైల్వే ఉద్యోగం చేసే ఒకాయన కూడా. అందరికీ పంచడానికి వంశవృక్షం పుస్తకం వేయిస్తున్నారు. "నాన్న ఒక్క ముక్క చెప్పేసరికి నాకు తెల్లారిపోద్ది. నువ్వు కూర్చో, ఎలాగూ ఇంట్లోనే ఉంటావు కదా" అన్నాడు. ఎలాగూ ఇంట్లో ఉండటమంటే పొద్దున్నే నాలుగు క్యారేజీలు కట్టడం, సాయంత్రం ఆరేసిన బట్టలు తీసి మడత పెట్టడం, ఆ మధ్యలో పదో తరగతి పేపర్లు దిద్దుకోవడం అని అతనికి తెలియదని కాదు. అవి లెక్కలోకి వచ్చే పనులని అతనికి ఎవరూ చెప్పలేదు. పైగా రెండు షరతులు పెట్టాడు. "మగవాళ్ళ పేర్లు చాలు. ఆడపిల్లలు వేరే ఇంటిపేరుకి పోతారు, కోడళ్ళు వేరే ఇంటి నించి వస్తారు. అందర్నీ రాస్తే చెట్టు గజిబిజి అయిపోద్ది." రెండోది, "నాన్న చెప్పిందే రాయి. నీ తెలివి కలపకు." మళ్ళీ తనే మొదటి వాక్యం రాయించాడు: మా పూర్వీకులు మొగలిలంకకు జమీందారులు.

ఆ వాక్యం దగ్గరే శ్రీవాణి బుర్రలో పురుగు తొలిచింది. ఫోన్లో మ్యాపు తీసి చూస్తే మొగలిలంక లేదు. గోదావరి నీళ్ళే ఉన్నాయి. బీరువా పైనున్న రేకు పెట్టె దింపి పాత పట్టాలన్నీ తిరగేసింది. అక్కడి సర్వే నంబరు ఒక్కటీ లేదు. ఆ ఊరి చుట్టాల్లేరు, ఆ ఊరి దేవుడికి మొక్కుల్లేవు. ఏ బంధమూ లేని ఊరు నాలుగు వందల మంది నెత్తిన ఎలా కూర్చుంది?

"ఎందుకు కొట్టెయ్యమంటున్నారు మావయ్యగారూ?"

ఆయన కళ్ళు తెరవలేదు. "మనోళ్ళెవరూ మొగలిలంకలో పుట్టలేదమ్మా." కాసేపాగి, "అడుగెట్టుంటారని కూడా అనుకోను."

"మరి ఆ పేరు ఎక్కణ్ణించి వచ్చిందండి?"

"ఆవిడతో వచ్చింది."

శ్రీవాణి పళ్ళెం పక్కకి జరిపేసింది. కుక్కర్ మూడో కూత వేసింది, లేచి స్టవ్ కట్టేసి పరుగున వచ్చింది. ఆయన ఇంకా అక్కడే ఉన్నారు, ఆ మాట దగ్గరే.

"మా తాతకి తల్లి. కలరాలో మొగుడు పోయేడు. ముగ్గురు మగపిల్లలు, పెద్దోడు మా తాత. బందువులు రమ్మన్నా ఎల్లలేదంట. ఈ వెనకాల తోట ఉందే, అప్పుడు ఇసక మేటమ్మా అది. కాలవలోంచి కావిడేసుకుని నీళ్ళు మోసి మొక్కలు నిలబెట్టింది. మన ఇంట్లో కోడళ్ళని పుట్టింటి ఊరు పేరెట్టే పిలుస్తాం కదా. మొగలిలంకమ్మ అనేవోరు. మొగలిలంకమ్మ తోట. మొగలిలంకమ్మ పిల్లలు."

"ఆయ్."

"ఓ రోజు సర్వేకి అమీను గారొచ్చేరు, గొలుసు పట్టుకుని. ఈ తోటెవరిదీ అన్నారు. మొగలిలంకమ్మదండి అన్నారు కరణం గారు. ఆడకూతురి పేరెందుకు, మగపిల్లలున్నారు కదా, ఏరా నీ ఇంటిపేరేంటి అని మా తాతనడిగేరు. ఆయనకి పదకొండేళ్ళు. తండ్రి ఇంటిపేరు ఎవరన్నా అంటే కదా తెలవడానికి! మొగలిలంక అన్నాడు. రాసేసుకున్నారు."

"ఆవిడ అప్పుడు ఎక్కడున్నారండి?"

"అక్కడే. కావిడితో. చీర తడిసిపోయుంది, దగ్గరకి రాలేదంట." గంగరాజు గారు కళ్ళు తెరిచారు. "తర్వాత లంక గోదాట్లో కలిసిపోయింది. మా నాన్న నాతో చెప్పి, ఇది పదిమందిలో అనకురా, ఆడదాని పుట్టింటి ఊరు మోస్తున్నామంటే నవ్వుతారు అన్నాడు. అనలేదు. మీ ఆయన కూడా ఎప్పుడూ అడగలేదు. నువ్వు అడిగేవు."

శ్రీవాణి కలం కదలలేదు. ఇరవై రెండేళ్ళుగా ఈ ఇంట్లో తను "అంతర్వేది". అంతర్వేది అమ్మాయి లేచిందా, అంతర్వేది వదిన్ని అడుగు. పులుసులో ఉప్పు ఎక్కువైన ప్రతిసారీ "సముద్రం పక్క నించొచ్చింది, ఇంకా వదల్లేదు" అని పంక్తి మొత్తం నవ్వేది. మొదటి ఏడాది తనూ నవ్వింది. తర్వాత నవ్వినట్టు కనిపించింది. స్కూలు గేటు దాటాక శ్రీవాణి మేడం, బస్సు దిగాక మళ్ళీ అంతర్వేది. ఆ పిలుపు తనని చిన్నబుచ్చుతుందని మాత్రమే ఇన్నాళ్ళూ అనుకుంది. దానికి ఇంత ఆయుష్షు ఉంటుందని తెలియదు. ఊరు గోదాట్లో కలిసినా, తోట చేతులు మారినా, ఒక పిలుపు ఖరగ్‌పూర్ దాకా వెళ్ళింది. గేట్ల మీద, పెళ్ళి శుభలేఖల మీద, డాక్టర్ల బోర్డుల మీద అన్నిచోట్లా ఆవిడే. కానీ ఆవిడ ఎక్కడుంది?

"మావయ్యగారూ, ఆవిడ పేరేంటండి?"

"చెప్పేను కదమ్మా, మొగలిలంకమ్మ."

"అది ఊరండి. ఆవిడకి తల్లీతండ్రీ పెట్టిన పేరు?"

ఈసారి ఆమె చిక్కుళ్ళ జోలికి పోలేదు. ఆయన పెదవులు రెండుసార్లు కదిలాయి. "తెలీదమ్మా. మా నాన్నని నేనడగలేదు. అడగాలని తోచలేదు."

"మీ అమ్మగారి పేరు?"

"ముమ్మిడివరం అనేవోరు... సూరమ్మ." ఎవరో వెనకనించి అందించినట్టు ఆయనే ఆశ్చర్యపోయారు. "సూరమ్మ. రాయి."

రాసింది. "మీ పక్కన ఎవర్ని రాయమంటారు?"

"మీ అత్తయ్య పేరు నీకు తెలుసు కదా."

తెలుసు. రేషన్ కార్డు మీద, ఆధార్ మీద, మందుల చీటీ మీద రోజూ చూసే పేరే. కానీ ఈ వరండాలో యాభై ఎనిమిదేళ్ళుగా వినపడేది "ఏమే ఆత్రేయపురం" ఒక్కటే. అత్తగారు కంటి ఆపరేషన్‌కి రామచంద్రపురంలో కూతురి దగ్గరకి వెళ్ళి పది రోజులైంది.

"మీరు చెబితేనే రాస్తానండి. నా తెలివి కలపొద్దన్నారు మీ అబ్బాయి."

ఆయన తువ్వాలుతో మొహం తుడుచుకున్నారు. గొంతు సవరించుకున్నారు. పెళ్ళికొడుకులా సిగ్గుపడుతున్న ముసలాయన్ని చూసి శ్రీవాణి తల దించుకుంది.

"కనకరత్నం" అన్నారు.

ఫోన్ మోగింది. రాజేంద్రప్రసాద్. "ఏమోయ్, అయిందా? ఆరింటికి ప్రెస్సులో మాణిక్యాలరావు గారికి వెళ్ళిపోవాలి. జమీందారీ పాయింటు బాగా పెంచి రాయి."

"మొగలిలంక మనది కాదండి. అక్కణ్ణించి కోడలిగా వచ్చినావిడ పేరు మనం పెట్టుకున్నాం. నాన్నగారు చెప్పేరు."

"ఆ కబుర్లన్నీ పుస్తకంలోకెందుకు? నలుగురిలో తల ఎత్తుకోవద్దూ? నువ్వు రాయడానికి కూర్చున్నావు, అడగడానికి కాదు."

"ఆయ్, రాశానండి. మీ నాన్నగారు చెప్పిందే రాశాను. ఇష్టం లేకపోతే మీరొచ్చి, ఆయన ఎదురుగా కూర్చుని, వేరేది రాసుకోండి. నేను మాత్రం ఇదే పంపుతున్నాను." అవతల అతను ఇంకా ఏదో అంటుండగా ఫోన్ పెట్టేసింది.

జమీందారు వాక్యం కొట్టేసింది. సూరమ్మ, కనకరత్నం, తర్వాత భర్త పేరు పక్కన శ్రీవాణి. అందరికంటే పైన, పేరు ఉండాల్సిన చోట ఖాళీ గీత గీసి, కింద రాసింది: మొగలిలంక నుంచి వచ్చి ఈ తోట పెంచిన ఆమె. పేజీలన్నీ ఫోటోలు తీసి ప్రెస్సుకి పంపుతూ ఒక మెసేజ్ పెట్టింది. "మాణిక్యాలరావు గారూ, మొదటి పేజీలో ఖాళీ అలాగే ఉంచండి. అది అచ్చుతప్పు కాదు. ఏ ఇంట్లోనైనా ముసలివాళ్ళకి ఆవిడ పేరు గుర్తుంటే, వాళ్ళే రాసుకుంటారు."

చిక్కుళ్ళ పళ్ళెం తీసుకుని లేవబోతుంటే ఆయన చెయ్యి ఎత్తి ఆపారు. మాట పూర్తయ్యేదాకా ఆమె నిలబడే ఉంది.

"మీ అత్తయ్య వచ్చేక... ఇది చదివి వినిపించమ్మా శ్రీవాణీ. ఆ పేరు దగ్గర కాస్త గట్టిగా చదువు, చెవుడు కదా. నేనే అన్నానని చెప్పు. నమ్మదు. అయినా చెప్పు."