‘ఎవరో అమ్మ’ చేసినవి

మా మ్యూజియం సాఫ్ట్‌వేర్ ఉత్త మొండిఘటం. ‘చేసినవారి పేరు’ అనే గడి ఖాళీగా వదిలితే ముందుకు కదలదు. నా బొంత అక్కడే ఇరుక్కుపోయింది. పాత బట్టల ముక్కలతో కుట్టిన పసిపిల్లల బొంత అది. పాప ముఖం తగిలే చోట మాత్రం ఏరికోరి మెత్తటి గుడ్డ వేశారు. కుట్టిందెవరో ఎవరికీ తెలియదు. పేరు లేకపోతే లేబుల్ అచ్చవదు. లేబుల్ లేనిదాన్ని గోడకెక్కించనని మా డైరెక్టరు భీష్మించుకు కూర్చున్నాడు. రేపే కొత్త హాలు తెరుస్తున్నారు. దొంగ పేరు రాయడం నా వల్ల కాదు.

అందుకే, ఇదే సాఫ్ట్‌వేర్‌తో వేగుతున్న మ్యూజియంల వాళ్ల సమావేశానికి కత్తులు నూరుకుంటూ వెళ్లాను. దాన్ని తయారుచేసిన కంపెనీ ఇంజినీరు కూడా వచ్చాడు. టీ అందుకోగానే అందరూ తమ గోడు వెళ్లబోసుకున్నారు.

“నేనైతే ఓ చుక్క పెట్టేస్తా,” అన్నాడు నాణేల విభాగం ఆయన.

“నేను మా అత్తగారి పేరు కొట్టేస్తానండీ. రాతిగొడ్డలి కూడా ఆవిడే చేసింది,” అంది నా పక్కనున్న, మ్యూజియం వస్తువుల పద్దు రాసే రిజిస్ట్రారు. “ఆవిణ్ణి చూస్తే మీరూ నమ్ముతారు.”

అందరూ పగలబడి నవ్వారు. పాత బట్టలు బాగుచేసే పెద్దావిడ మాత్రం నవ్వలేదు.

“ఎప్పుడో ఒక ఉయ్యాలకి, ఏం రాయాలో తోచక ‘ఎవరో అమ్మ’ అని రాశానమ్మా.”

“అది మీరేనా!” అన్నాడు నాణేలాయన. “మొదటి అక్షరం కొట్టగానే అదే చూపిస్తోంది. నేనూ ఒకటి రెండిటికి నొక్కేశాను.”

మేమూ నొక్కామంటూ నలుమూలల నుంచీ గొంతులు లేచాయి. ఒకరు రాసింది అందరికీ అంటగట్టడం ఆ సాఫ్ట్‌వేర్‌కున్న ఇంకో జబ్బు.

ఇంజినీరు ముఖం మాడ్చుకుని, ఆ పేరు వెతికి గోడమీద తెరపై వేశాడు. ఉయ్యాల. చెక్క గరిటె. గుడ్డబొమ్మ. మోకాళ్ల దగ్గర మాసిక వేసిన లాగు. ఊళ్లు వేరు, కాలాలు వేరు, కింద పేరు ఒక్కటే. ఫొటోలు వస్తూనే ఉన్నాయి. నవ్వులు ఆగిపోయాయి. చేతుల్లో టీ చల్లారిపోతున్నా ఎవరూ చూసుకోలేదు. ఆ అమ్మ ఇన్ని చేసి, ఒక్కదాని మీద కూడా పేరు రాసుకోలేదే అనిపించి నా కళ్లు చెమర్చాయి.

“వచ్చే వెర్షన్‌లో సరిచేసేస్తామండీ,” అన్నాడు ఇంజినీరు. “గడి ఖాళీగా వదిలేయొచ్చు. ఈ పేర్లన్నీ తీసేస్తాం.”

నేను అడగడానికి వచ్చింది సరిగ్గా అదే.

“వాటి జోలికి వెళ్లారో, ఊరుకునేది లేదు!” అని అరిచాను.

ల్యాప్‌టాప్ తెరిచాను. ఆ మెత్తటి గుడ్డ గుర్తొచ్చింది. ఇది దొంగ పేరు కానే కాదు. మొదటి అక్షరం కొట్టి, అది చూపించిన పేరే ఎంచుకున్నాను. లేబుల్ సిద్ధమైంది.

తలెత్తి చూస్తే, గోడమీద తెరలో నా బొంత ఉయ్యాల పక్కన చేరి ఉంది.