ఉరిమి చూడటం

నిఘంటువు సంపాదకుడికి ‘ఉరుము’ దగ్గర కలం ఆగింది. మేఘాల మోతకూ, గద్దింపుకూ ఆ మాట సరే. చప్పుడే లేని చూపును ‘ఉరిమి చూడటం’ అని ఎందుకంటారో అంతుపట్టక అక్కకు ఫోన్ చేశాడు.

“నాన్న చూపు మర్చిపోయావట్రా?” అంది అక్క.

“ఆయన ఊరికే చూసేవాడు. నువ్వే చెవులు మూసుకునేదానివి. అదేదో ఆట అనుకుని నేనూ మూసుకునేవాణ్ణి.”

“ఆటేంట్రా! నువ్వు పుట్టకముందు ఆ చూపు వెనకే ఇల్లు దద్దరిల్లే అరుపు వచ్చేది. జబ్బుచేసి ఆయనకు మాట పడిపోయాక చూపొక్కటే మిగిలింది. నా చేతులు మాత్రం అలవాటు మానలేదు.”

అతను ఫోన్ పెట్టేసి కలం అందుకున్నాడు. వెనకాల రాబోయే అరుపును బట్టే చూపుకు ఆ పేరు వచ్చి ఉండవచ్చునని రాసి, పక్కన ‘ఊహ’ అని చేర్చాడు. ఆధారం అడిగితే అక్కను చూపించలేడు కదా!