తొంభై రోజుల సంతకం

మొదటే ఒక మాట. నేను దొంగను కాను. చింతామణిలో ఎవరినైనా అడగండి, పాతికేళ్ళుగా ఎరువుల అంగడి పెట్టుకుని పరువుగా బతుకుతున్న పురుషోత్తమ్ అంటే నేనే. మా తాత కాలం నుంచి మాది వ్యాపారం. మూటలు మేము మోయలేదు, మోయించాము. అదీ ఒక పనే, ఎవరూ ఒప్పుకోరు గానీ.

చేలూరు రోడ్డులో కట్టడం మొదలుపెట్టాను. కింద అంగళ్ళు, పైన బాడిగ ఇళ్ళు. మేస్త్రి లక్ష్మణప్ప. ఆయన కింద కెంచార్లహళ్ళి నుంచి పొద్దున బస్సుకు దిగే పన్నెండు మంది కూలీలు. అందులో ఏడుగురు ఆడవాళ్ళు. ఆ ఏడుగురికీ కలిపి నోరు ఒకటే ఉంది, దాని పేరు మునిరత్నమ్మ.

ఈ మునిరత్నమ్మ మూడు వారాలుగా నా ప్రాణం తోడేసింది. పని ముగిసిన తరువాత నేరుగా అంగడికి వచ్చేది. సిమెంటు కాళ్ళతో లోపలికి రాకుండా మెట్టు కిందే నిలబడేది. రైతులు వస్తారు, యూరియా మూటలు అడుగుతారు, పోతారు. ఆమె మాత్రం పోదు.

"అప్పా, ఆ కాగితానికి ఒక సంతకం పెట్టప్పా. మా మంజుశ్రీ కాలేజీకి శుక్రవారంలోగా అప్లికేషను వేయాల. దాటిపోతే ఈ సంవత్సరం దుడ్డు రాదు. పాపను చదువు నిలిపేయాల్సి వస్తాది."

ఆమె కూతురు నర్సింగు మొదటి ఏడాది. కట్టడ కార్మికుల కార్డు ఉన్నవాళ్ళ పిల్లలకు చదువుకు సహాయధన వస్తుంది. ఆ కార్డు చెల్లాలంటే ఏడాదిలో తొంభై రోజులు పని చేసినట్టు పని ఇచ్చినవాడు రాసి సంతకం పెట్టాలి. అదీ ఆమె అడిగేది.

ఒక్క సంతకమే కదా, పెడితే నీ సొమ్మేం పోతుంది అంటారు. పోతుంది కాబట్టే పెట్టలేదు. ఆ కాగితంలో రెండు గళ్ళున్నాయి. ఒకటి యజమాని పేరు. రెండోది రోజు కూలి. ఆడవాళ్ళకు నేనిచ్చేది నాలుగు వందల యాభై. ఉన్నది ఉన్నట్టు రాస్తే, కనిష్ఠ వేతనం కంటే తక్కువ ఇస్తున్నావని నా మీద కేసు. సర్కారు రేటు రాస్తే, రాశావుగా ఇవ్వు అని వీళ్ళు నా గొంతు మీద కూర్చుంటారు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

పైగా తుట్టిభత్యం అని ఒకటి. ధరలు పెరిగాయని సర్కారు ఏటా ఏప్రిల్‌లో కూలి మీద ఇంత కలుపుతుంది. కలిపేది వాళ్ళు, ఇచ్చేది నేను. టమోటా బాక్సు యాభై రూపాయలకు పడిపోయి రైతు నా అప్పు ఎగ్గొట్టినప్పుడు నాకెవరైనా భత్యం ఇచ్చారా? అడిగేవాడు లేడు. కూలిమనిషికి మాత్రం అందరూ చుట్టాలే.

"నాకు తెలీదమ్మా, మేస్త్రినడుగు" అనేవాణ్ణి.

"మేస్త్రి ఓనర్నడగమంటాడు. ఓనరు మేస్త్రినడగమంటాడు. నేనెవర్నడగాలప్పా, ఆ సిమెంటు మూటనా?" అని ఒక రోజు రైతుల ముందే అనేసింది. వాళ్ళు నవ్వారు. ఆ రోజే అనుకున్నాను, చచ్చినా దీనికి సంతకం పెట్టనని.

ఇక దాచి లాభం లేదు. ఆ కార్డు నాకూ ఉంది.

అలా చూడకండి. ఆ రోజుల్లో మా వీధిలో సగం మంది చేయించుకున్నారు. అంగడి పక్కన కంప్యూటరు పెట్టుకున్న నందీశ్, "ఏం పని అని రాయమంటావన్నా?" అంటే, చేతికి మురికి అంటని పనేదైనా చూడు అన్నాను. పేయింటరు అని కొట్టాడు. తొంభై రోజులకు లక్ష్మణప్ప సంతకం పెట్టాడు. మా రూపేష్ ఇంజనీరింగుకు రెండేళ్ళు సహాయధన వచ్చింది. నేను కట్టే పన్నుల్లోంచి నా కొడుక్కి నాలుగు రూపాయలు వస్తే తప్పా? మా ఆవిడ అంబిక మాత్రం అప్పుడే అంది, "మనకెందుకయ్యా కూలోళ్ళ కూడు?" అని. ఆడవాళ్ళకేం, ఏదైనా అంటారు.

బుధవారం మధ్యాహ్నం ఫోను వచ్చింది. లేబర్ ఇన్‌స్పెక్టరు సునీల్‌కుమార్. బోగస్ కార్డులు ఏరేస్తున్నారట.

"పురుషోత్తమ్ అంటే నువ్వేనా? పేయింటరా? ఇప్పుడు యాడ పని చేస్తాండావు?"

ఆ 'నువ్వు'కే నా ఒళ్ళు మండింది. ఆ మంటలో నోరు జారింది. ఊళ్ళో వంద కట్టడాలుంటే నా నోటికొచ్చింది ఒకటే. "చేలూరు రోడ్డులో సార్."

"రేపు పొద్దున వస్తా. పనిలోనే ఉండు."

గురువారం స్లాబు వేసే రోజు. ముహూర్తం పెట్టి, సిమెంటు దింపి, మిక్సరు మాట్లాడి అంతా సిద్ధంగా ఉంది, మార్చడానికి లేదు. తెల్లవారేసరికి లక్ష్మణప్పను పట్టుకున్నాను. ఆయన ముఖం నాకంటే పాలిపోయింది. నా బోగస్ కాగితం మీద సంతకం ఆయనదే మరి.

"వచ్చినోడు నన్నడగడప్పా, కూలోళ్ళనడుగుతాడు. వాళ్ళు మునిరత్నమ్మ ముఖం చూస్తారు. ఆమె ఏమంటే అదే. ఆమెకు ఆ కాగితం ఇచ్చేయప్పా" అన్నాడు.

మింగలేక కక్కలేక ఆమెను పిలిచాను. ఇసుక జల్లెడ పక్కన పెట్టి వచ్చింది. విషయం చెప్పాను. నేనిక్కడ కూలివాణ్ణని చెప్పాలి, అంతే. ఆమె నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

"చెప్తా. ముందు సంతకం."

కవరులోంచి కాగితం తీసింది. మూడు వారాలు మడిచి మడిచి మూలలు నలిగిపోయున్నాయి. యజమాని గడిలో నా పేరు రాశాను. కూలి గడి దగ్గర ఆగాను.

"తక్కువ రాస్తే ఆఫీసులో వాపసు కొడతారు. సర్కారు రేటు రాయప్పా" అంది. రాశాను. సంతకం పెట్టాను. పెన్ను కూడా ఆమెదే.

తొమ్మిదిన్నరకు సునీల్‌కుమార్ బైకు దిగాడు. ముప్పై ఏళ్ళు దాటని మనిషి. మిక్సరు తిరుగుతోంది. కింద నుంచి పై స్లాబు దాకా ఏటవాలుగా సారువ కట్టి, మెట్టుకొకరు నిలబడి కాంక్రీటు నింపిన బాండ్లీలు చేతి నుంచి చేతికి అందిస్తున్నారు. నిండు బాండ్లీ పైకి, ఖాళీ బాండ్లీ కిందికి. లిఫ్టు మిషను బాడిగకు తెద్దామని లక్ష్మణప్ప అడిగాడు గానీ, ఇంతమంది చేతులుండగా మిషనెందుకని నేనే వద్దన్నాను. నేను అంబిక వెతికిచ్చిన పాత లుంగీ కట్టుకుని, తలకు తువ్వాలు చుట్టుకుని ఇటుకల దగ్గర నిలబడి ఉన్నాను.

అతను నన్ను పైనుంచి కిందికి చూసి మునిరత్నమ్మను పిలిచాడు. "ఏమ్మా, ఇతను మీ జతలో పని చేస్తాడా?"

"చేస్తాండాడు సార్" అంది.

చేస్తాండాడట! నిన్నటిదాకా అప్పా అప్పా అన్న నోరు. అయినా మాట నిలబెట్టుకుంది, కాదనను. అతను ఫోనులో ఏదో నొక్కుకుని బైకు వైపు తిరిగాడు. గండం గడిచిందని ఊపిరి వదిలాను. అంతలో ఆమె చేతులు కొంగుకు తుడుచుకుని వెనకే పోయింది.

"సార్, అప్లికేషనుకు రేపే కడా దినం. నేను ఆఫీసుకొస్తే ఈ దినం కూలి పోతాది. మీరే వచ్చినారు కదా, ఇది చూసి సీలు వేస్తారా?"

ఆమె కుట్ర చేసిందని నేనిప్పటికీ అంటాను. లక్ష్మణప్ప మాత్రం కాదంటాడు, ఆమెకు కూతురి అప్లికేషను తప్ప లోకంలో ఇంకేమీ గుర్తులేదంటాడు. ఏదైతేనేం, సునీల్‌కుమార్ కాగితం చదివాడు. తరువాత ఫోను చూశాడు. మళ్ళీ కాగితం చూశాడు.

"ఏమప్పా పురుషోత్తమ్. ఇందులో యజమాని పురుషోత్తమ్. నా ఫోనులో కార్మికుడు పురుషోత్తమ్. కార్డుకు నువ్వు పెట్టిన సంతకం, ఈ సంతకం ఒకటే. ఏది నిజం?"

ఇద్దరి కాగితాల్లో ఒకటే బతుకుతుంది. నాకు ఆలోచించడానికి ఒక్క క్షణం కూడా పట్టలేదు.

"ఆ సంతకం నాది కాదు సార్. నాకు తెలీకుండా ఎవరితోనో రాయించుకుంది."

మునిరత్నమ్మ నా వైపు చూసింది. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. పైన మెట్ల మీద బాండ్లీలు ఒక్క క్షణం ఆగి మళ్ళీ కదిలాయి.

"అట్లయితే ఇది ఫోర్జరీ. ఈమె కార్డు రద్దు. కేసు కూడా పెట్టాల్సి వస్తాది" అన్నాడతను.

"సార్, నా కళ్ళ ముందర పెట్టినాడు సార్ సంతకం" అంది ఆమె. "మా పాప సదువు సార్ అది."

సునీల్‌కుమార్ ఆ కాగితాన్ని జేబులో పెట్టుకున్నాడు. చెట్టు లేని సైటులో నీడ ఎక్కడుందా అని చూసి, సిమెంటు మూటల మీద కూర్చున్నాడు.

"నువ్వు కార్మికుడివే కదప్పా. పని నడుస్తాండాది, నువ్వెందుకు నిలబడుకోనుండావు? పో. నాకు మధ్యాహ్నం దాకా వేరే పని లేదు."

సారువ మీద మూడో మెట్టు దగ్గర నిలబెట్టారు నన్ను. నా కింది మెట్టు మీదకు మునిరత్నమ్మ తనంతట తానే వచ్చింది. అక్కడున్న ఆమెను పక్కకు పొమ్మంది. మొదటి బాండ్లీ అందించింది. తడి కాంక్రీటు ఇంత బరువుంటుందని నాకు తెలియదు. తెలుసుకోవలసిన అవసరం ఎప్పుడొచ్చింది గనక? పొట్టకు ఆనించుకుని ఎత్తాను. పై మెట్టు మనిషి లాక్కుంది. తిరిగేసరికి రెండోది సిద్ధంగా ఉంది.

"మెల్లగా" అన్నాను పళ్ళ బిగువున.

ఆమె అందిస్తూనే ఉంది. మూడు. నాలుగు. వేళ్ళ సందుల్లో సిమెంటు మంట. పదికి భుజాలు పోయాయి. పదిహేనుకు నడుము. కావాలనే తొందర చేస్తోందని అరిచాను. పైనుంచి ఎవరో ఆడమనిషి, "రోజూ ఇదే కదప్పా స్పీడు" అంది. ఆ మాటకు మెట్ల పొడుగునా నవ్వులు. ఇరవయ్యోదో ఇరవయ్యొకటోదో నా చేతుల్లోంచి జారి కాలి మీద పడింది. తిన్నింటి వాసాలు లెక్కపెట్టే ఈ జనం ముందు కుంటుతూ నిలబడ్డాను.

"నడుం వంచొద్దు. కాళ్ళు ఎడంగా పెట్టు. ఎగశ్వాస తీసుకోవద్దు" అంది మునిరత్నమ్మ. ముఖంలో కోపం లేదు. కొత్తగా వచ్చిన కూలికి చెప్పినట్టు చెప్పింది. అదే నాకు వాత పెట్టినట్టయింది. తిట్టి ఉంటే ఓర్చుకునేవాణ్ణేమో.

ముప్పై ఆరు దాకా లెక్కపెట్టాను. ముప్పై ఏడోది అందించింది. చేతులు లేవలేదు. నా చేతులు, నేను లెమ్మంటే లేవలేదు! బాండ్లీ ఆమె చేతుల్లోనే ఉంది, కింద ఇంకొకటి వచ్చేసింది, దాని కింద ఇంకొకటి. రూపేష్ ఫీజు, కేసు, పరువు, ఏదీ తలలో లేదు. ఆ బాండ్లీ నా వైపు రాకుండా ఉంటే చాలు.

"ఆపండి! ఈ బిల్డింగ్ నాది! నేనే ఓనర్ని, నేను చెప్తున్నా, ఆపండి!"

మూటల మీద నుంచి సునీల్‌కుమార్ లేచాడు. తొందరేమీ లేదు అతనికి. జేబులోంచి కాగితం తీశాడు.

"ఈ సంతకం?"

"నాదే."

"ఇందులో రాసిన కూలి?"

మెట్ల మీద పన్నెండు మంది వింటున్నారు. "నేనే రాశాను" అన్నాను.

"ఇస్తాండావా?"

నేను పలకలేదు. పలకకపోవడాన్ని కూడా అతను రాసుకున్నాడు. ఆమె కాగితం మీద సీలు వేశాడు. నా కార్డు రద్దు, తిన్న డబ్బు వాపసు, మిగతా సంగతి నోటీసులో వస్తుంది అన్నాడు. ఇవన్నీ చెబుతున్నంతసేపూ ఒక్క విషయం నాకు అర్థం కాలేదు. నేను ఆపమన్నాను. ఓనర్నని చెప్పి మరీ ఆపమన్నాను. మిక్సరు తిరుగుతూనే ఉంది, బాండ్లీలు నా పక్కనుంచి పైకి పోతూనే ఉన్నాయి.

"చెబితే వినపడలేదా? ఆపమంటున్నా!" అన్నాను మునిరత్నమ్మతో.

"స్లాబు మధ్యలో ఆపితే పగుల్తాదప్పా. పగిలితే నీళ్ళు నీ ఇంట్లోకే కారతాయి" అంది, నా ముఖం కూడా చూడకుండా. "కిందికి దిగు. నువ్వు అడ్డముండావు."

దిగాను. పై మెట్టు మనిషి కొంచెం కిందికి, ఆమె కొంచెం పైకి జరిగారు. నేను నిలబడిన చోటు కనిపించకుండా పోయింది.