నాటకం ఆపిన అమ్మాయి

నవనీత నాటకంలో వేషం కడుతోందని మల్లయ్య ఆ నెలంతా గేటు దగ్గర చెప్పుకున్నాడు. ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో ఒక అద్దాల టవర్‌కి అతను సెక్యూరిటీ గార్డు. తనతో డ్యూటీ చేసే బాలుకి చెప్పాడు, చాయ్ బండి దగ్గర చెప్పాడు, పుప్పాలగూడలో తాము కిరాయికి ఉంటున్న ఇంటి ఓనరమ్మకు కూడా చెప్పాడు.

"మా బిడ్డ కాలేజీల నాటకం చదువుతుంది. పెద్ద వేషమే ఇచ్చిండ్రు. మీరందరు రావాలె."

వేషం ఇచ్చిన మాట నిజమే. తర్వాత తీసేసిన సంగతే అతనికి తెలియదు.

శేరిలింగంపల్లిలోని ఒక కమ్యూనిటీ కాలేజీలో నాటక ప్రదర్శన మీద ఏడాది డిప్లొమా ఉందని నవనీత తానే కనుక్కుంది. అప్పటికి ఆమె డిగ్రీ అయిపోయి నల్లగండ్లలో ఒక సూపర్‌మార్కెట్ బిల్లింగ్ కౌంటర్‌లో కూర్చుంటోంది. పొద్దున డ్యూటీ, మధ్యాహ్నం క్లాసులు చేసుకోవచ్చు. ఇంట్లో ఆ మాట ఎత్తగానే తల్లి చంద్రమ్మ, "గదేం సదువే? నాటకాలు సదివితే ఏమొస్తది?" అంది. మల్లయ్య మాత్రం ముఖం వెలిగిపోయి లేచి కూర్చున్నాడు. దేవరకొండ దగ్గర వాళ్ల ఊళ్లో భాగవతం ఆడినప్పుడు, వేషం కట్టిన మనిషిని ఆ తర్వాత కూడా చాలా రోజులు ఊరంతా ఆ వేషం పేరుతోనే పిలిచేవారట. చిన్నప్పుడు తనకూ కట్టాలని ఉండేదట. ఆ సంగతి చంద్రమ్మకు కూడా అంతవరకు తెలియదు.

"పోనీయే," అన్నాడు. "మనింట్ల ఒకలన్న కట్టనీ."

అందుకే నవనీతకు నిజం చెప్పడానికి నోరు రాలేదు.

వాళ్లకు పాఠం చెప్పే భీమేశ్వరరావు గుంటూరు వైపు మనిషి. జీవితమంతా స్టేజీ మీదే గడిపి, ఇప్పుడు ఈ కాలేజీలో పిల్లలకు నేర్పుతున్నాడు. ఏడాది చివర్లో ఆడే నాటకానికి కథ విద్యార్థులే అల్లారు. పేరు 'గుట్ట కింది ఇల్లు'. ఇంటి వెనక ఉన్న రాతి గుట్టను పేల్చడానికి మిషన్లు వస్తే, నేను కదలనని మంచం వాల్చుకుని కూర్చున్న మల్లమ్మ అనే ఒక మొండి మనిషి కథ అది. మల్లమ్మ వేషం మొదట నవనీతకే వచ్చింది.

మాటలన్నీ ఆమె తొందరగానే కంఠస్థం చేసింది. చిక్కేమిటంటే, తన మాటలతో పాటు అందరి మాటలూ వచ్చేశాయి. రిహార్సల్లో ఏడవాల్సిన చోట ఏడుపు మధ్యలో ఆపి, "సాయిచంద్, లైటు లేటయింది," అనేది. మిషన్ డ్రైవర్ వేషం వేసినవాడు ఒక అడుగు ఎక్కువ ముందుకొస్తే చేత్తో వెనక్కి జరిపేది. ఒకరోజు భీమేశ్వరరావు ఆమెను పక్కకు పిలిచాడు.

"అమ్మాయ్, నీ కళ్లు నీ వేషం మీద లేవు. మొత్తం స్టేజీ మీద ఉన్నాయి. మల్లమ్మ వేషం రోహిణి వేస్తుంది. నువ్వు స్టేజ్ మేనేజర్‌గా ఉండు."

"నేను బాగా చేయట్లేదా సార్?"

"వేషమా? ఫర్వాలేదమ్మా. ఫర్వాలేదన్న వాళ్లు నాకు చాలామంది దొరుకుతారు."

ఆ సాయంత్రం షేర్ ఆటోలో మూల సీటుకు ఒదిగి చున్నీలో ముఖం దాచుకుని ఏడ్చింది. తనను ఎత్తి ఎక్కడో మూలన పడేశారనే అనుకుంది. ఇంటికి వెళ్లాక తల్లికి మాత్రం చెప్పింది. చంద్రమ్మ చేతిలో పని ఆపకుండానే విని, "మీ బాపుకు నువ్వే చెప్పుకో. నాతోని గాదు," అంది.

మూలన పడేశారన్న బాధ ఎన్నో రోజులు నిలవలేదు. స్టేజీ పక్క తెర వెనక ఒక ఎత్తు స్టూలు వేసి, చెవికి హెడ్‌సెట్ పెట్టి ఆమెను కూర్చోబెట్టారు. లైట్లు వేసే సాయిచంద్ హాలు వెనక గదిలో ఉంటాడు. సౌండు, సామాన్లు మార్చేవాళ్లు, వేషగాళ్లు, అందరూ ఆమె మాట కోసమే చూడాలి. ఆమె "వెయ్యి" అంటేనే లైటు పడుతుంది, "పో" అంటేనే మనిషి స్టేజీ మీదికి వెళతాడు. మొదటిసారి చీకటి స్టేజీని చూస్తూ, గొంతు తగ్గించి, "తెల్లవారే లైటు... వెయ్యి," అన్నప్పుడు, గోనెగుడ్డతో చేసిన ఆ గుట్ట అంచు మీద ఎర్రటి వెలుతురు మెల్లగా పాకింది. నవనీతకు ఒళ్లు జలదరించింది. సూర్యుణ్ణి తానే లేపినట్టు అనిపించింది. ఆ రోజు నుంచి రోహిణి వేషం వైపు ఆమె ఆశగా చూడలేదు. అయినా తండ్రితో మాత్రం, ఇవాళ చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూ ప్రదర్శన రోజుదాకా లాగింది.

ఆ సాయంత్రం మల్లయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని, బాలునూ, ఇంకో ఇద్దరు గార్డులనూ, ఓనరమ్మనూ, చంద్రమ్మనూ వెంటబెట్టుకుని కాలేజీ హాలుకు వచ్చాడు. వెనక వరుసలో అందరినీ సర్ది కూర్చోబెట్టాడు. పక్క తెర సందులోంచి నవనీత అది చూసింది. వెళ్లి చెప్పే టైం లేదు. హెడ్‌సెట్‌లో సాయిచంద్, "నేను రెడీ," అంటున్నాడు.

నాటకం మొదలైంది. బాగా నడిచింది. జనం నవ్వాల్సిన చోట నవ్వారు. మిషన్ చప్పుడు వచ్చినప్పుడు హాలంతా ఊపిరి బిగబట్టింది. ముందు వరుసలో అతిథుల పక్కన కూర్చున్న భీమేశ్వరరావు చెయ్యి గడ్డం కింది నుంచి తీయలేదు. ఆయనకు బాగా నచ్చితేనే అలా కూర్చుంటాడు.

తర్వాతది వెన్నెల ఘట్టం. గుట్టను తెల్లారి పేలుస్తారని తెలిసిన మల్లమ్మ, ఆరుబయట మంచం మీద కూర్చుని గుట్టతో మాట్లాడుతుంది. నాటకం మొత్తానికి ప్రాణం ఆ ఘట్టమే. దానికోసం ప్లైవుడ్ చట్రానికి తెల్లగుడ్డ బిగించి, లోపల బల్బులు పెట్టి పెద్ద చందమామను చేశారు. ఇద్దరు పట్టుకుంటే గాని లేవని బరువు. దాన్ని పైనున్న ఇనుప పైపుకు రెండు తాళ్లతో, సరిగ్గా మంచం మీదుగా వేలాడదీశారు.

"చందమామ... వెయ్యి," అంది నవనీత.

చందమామ వెలిగింది. హాల్లో ఎవరో "అబ్బ" అన్నారు. నవనీత కూడా తల ఎత్తి చూసింది. చూసిన కళ్లు అక్కడే ఆగిపోయాయి. చందమామ ఎడమ వైపుకి కొంచెం వాలి ఉంది. రిహార్సల్లో అలా లేదు. ఆమె చూస్తుండగానే ఇంకొంచెం వాలింది.

"సాయిచంద్, చందమామ వంగిందా?"

"నాకు ఇక్కడి నుంచి ఏం తెలుస్తలేదు. మంచిగనే ఉంది గదా."

రోహిణి అప్పుడే స్టేజీ మీదికి వచ్చి, మాట్లాడుతూ మంచం వైపు నడుస్తోంది. నవనీత మళ్లీ పైకి చూసింది. తనదే పొరపాటైతే? ఏడాది కష్టం నట్టనడుమ నవ్వులపాలవుతుంది. సార్ ముఖం ఎట్లా చూడాలి? ఘట్టం ఎంతసేపు కనుక, అయిపోయాక దింపొచ్చు కదా అని మనసు ఒక పక్క లాగుతోంది. రోహిణి మంచం కోడు మీద చెయ్యి వేసింది.

"ఆపుతున్న. హాల్ లైట్లు వెయ్యి," అంది నవనీత.

"ఏంది? నిజంగనా?"

"వెయ్యి, సాయిచంద్."

హాలంతా భగ్గున వెలుతురు. రోహిణి మాట సగంలో ఆగిపోయింది. ముందు తెర లేని హాలు అది, దించడానికి ఏమీ లేదు. నవనీత స్టూలు దిగి, నల్ల బట్టలతో, మెడలో వేలాడుతున్న హెడ్‌సెట్‌తో స్టేజీ మీదికి నడిచింది. రోహిణి చెయ్యి పట్టుకుని మంచానికి దూరంగా, పక్క తెర దాకా తీసుకెళ్లి వదిలింది. వెనక్కి వచ్చి స్టేజీ ముందు అంచున జనానికి ఎదురుగా నిలబడింది.

"నమస్కారం. నేను ఈ నాటకానికి స్టేజ్ మేనేజర్‌ని. పైన కట్టిన సామాను ఒకటి సరి చూసుకోవాలి. అందరూ మీ మీ చోట్లనే కూర్చోండి. సరి చేసినంక, ఎక్కడ ఆగినమో అక్కడి నుంచే మళ్లీ మొదలుపెడతం."

లేవబోయిన వాళ్లు కూడా కూర్చున్నారు. హాలు నిశ్శబ్దమైంది.

అప్పుడు వెనక వరుస నుంచి చప్పట్లు మోగాయి. మల్లయ్య లేచి నిలబడి, రెండు చేతులూ పైకెత్తి కొడుతున్నాడు. "మా బిడ్డ! గామెనే మా బిడ్డ!" అంటున్నాడు పక్కవాళ్లతో. అదే ఆమె వేషం అనుకున్నాడు. బాలు, మిగతా గార్డులు, ఓనరమ్మ కూడా కొట్టారు. అది చూసి కొందరు నవ్వారు, నవ్వుతూనే వాళ్లూ కొట్టారు. నవనీత చెవులు ఎర్రబడ్డాయి. ఆగకుండా లోపలికి వచ్చేసింది.

ఆమె కంటే ముందే భీమేశ్వరరావు పక్క తెర దగ్గరికి వచ్చి ఉన్నాడు. ముఖం కందగడ్డలా ఉంది.

"ఎవరమ్మా ఆపమంది?"

"నేనే సార్. చందమామ జారుతున్నది."

"అంత సీను మధ్యలోనా! ఇంకాస్త ఓపిక పడితే అయిపోయేది కదా."

"రోహిణి దాని కిందనే కూర్చుంటది సార్. నేను ఓపిక పట్టలేను."

ఆయన ఇంకేదో అనబోయాడు. ఈలోపు సాయిచంద్ పరుగున వచ్చి నిచ్చెన వేసుకుని పైకెక్కాడు. ఒక చేత్తో పైపు పట్టుకుని తాడు తడిమి చూశాడు.

"నవనీతా," అన్నాడు పైనుంచి, గొంతు మారిపోయి. "ముడి జారింది. కొస నా బొటనవేలంత కూడ మిగల్లే."

నలుగురు కలిసి చందమామను మెల్లగా దించి నేల మీద పెట్టారు. భీమేశ్వరరావు వంగి ఆ తాడు కొసను వేళ్ల మధ్య నలుపుతూ నిలబడ్డాడు.

"పొద్దున నేను చూసి బాగుందన్న ముడే ఇది," అన్నాడు చివరికి. కోపం ఎటు పోయిందో పోయింది. రోహిణి వైపు ఒకసారి చూసి కళ్లు దించుకున్నాడు. "చందమామ లేకుండా ఆడగలమా?"

"ఆడొచ్చు సార్. తెల్ల లైటు ఒకటి నేల మీద, మంచం ముందర పడనిద్దాం. రోహిణి దాన్ని చూసుకుంట మాట్లాడుతది."

"సరే. ఎప్పుడు మొదలుపెడదాం?"

"మీరు పోయి కూర్చోండి సార్. మీరు కూర్చున్నంక చెప్త."

భీమేశ్వరరావు ఆమెను ఒక క్షణం చూశాడు. ఇంకేమీ అనకుండా మెట్లు దిగి, తన కుర్చీలో కూర్చుని, అందరిలాగే చీకటి కోసం ఎదురుచూశాడు.

"హాల్ లైట్లు తియ్యి," అంది నవనీత హెడ్‌సెట్‌లో, సాయిచంద్ వెనక గదికి చేరాక. "వెన్నెల... వెయ్యి."

నేల మీద గుండ్రంగా తెల్లటి వెలుతురు పరుచుకుంది. రోహిణి మంచం మీద కూర్చోలేదు. ఎవరూ చెప్పకుండానే ఆ వెలుతురు ముందు నేల మీద కూర్చుని, అరచేత్తో దాన్ని నిమురుతూ గుట్టతో మాట్లాడింది. హాల్లో చిన్న దగ్గు కూడా వినిపించలేదు. పక్క తెర వెనక నవనీత తన చెయ్యి కూడా గాల్లో కదులుతోందని చాలాసేపటికి గాని గమనించుకోలేదు.

నాటకం అయిపోయింది. చప్పట్లు ఆగాక, జనం లేస్తుండగా భీమేశ్వరరావు లోపలికి వచ్చాడు.

"ఇన్నేళ్లలో నా నాటకాన్ని నడుమ ఆపినవి రెండేనమ్మా. ఒకసారి వాన, ఇవాళ నువ్వు. వాన మీద కోపం నాకు ఇప్పటికీ పోలేదు." నవనీత భుజం మీద చెయ్యి వేశాడు. "నీకు నేర్పిన వాణ్ణి నేనని చెప్పుకుంటాను. అభ్యంతరం లేదుగా?"

ఆమె లేదన్నట్టు తల అడ్డంగా ఊపింది. ఆయన వెళ్లిపోయాక ముఖం తుడుచుకుని హాల్లోకి దిగింది.

మల్లయ్య ఎదురొచ్చాడు. "మంచిగ జేసినవ్ బిడ్డా! జర చిన్నదే గని, ఏమన్న మాట్లాడినవా! అందరు నిన్నే సూసిండ్రు."

"బాపూ," అంది నవనీత. "అది వేషం కాదు. నాకు వేషం తీసేసి శాన రోజులైంది. నేను తెర ఎనక ఉంట. ఎప్పుడు ఏం కావాల్నో నేను చెప్తే అందరు చేస్తరు. ఆ చందమామ తాడు నిజంగనే జారింది. అందుకే ఆపిన."

మల్లయ్య ముఖంలో నవ్వు అలాగే ఆగిపోయింది. నవనీత నేల చూపులు చూసింది. చంద్రమ్మ భర్త మోచేతిని మెల్లగా పట్టుకుంది.

"అంటే," అన్నాడు మల్లయ్య మెల్లగా, "గా మాటలు ఎవ్వరు రాసియ్యలే?"

"లేదు."

"గా ముందు వరుసల పెద్దపెద్దోళ్లు, నువ్వు కూసోమంటేనే కూసున్నరా?"

"ఆ, కూసున్నరు."

"గా పిల్ల నెత్తి మీద పడేదా అది?"

"పడేదే బాపూ."

మల్లయ్య బాలు వైపు తిరిగాడు. "ఇన్నవార? మనం గేటు కాడ చెయ్యి అడ్డం పెడితే హారన్ కొట్టి సంపుతరు. నా బిడ్డ చెయ్యి గూడ ఎత్తలే. హాలు హాలంత ఆగింది." అతని కళ్లు తడిగా మెరిశాయి. "నాటకం ఆపుడే మా బిడ్డ పని. రేపు గేటు కాడ అందరికి అదే చెప్పు."

"ఆపుడు కాదు బాపూ, నడుపుడు," అంది నవనీత, నవ్వూ ఏడుపూ ఒకేసారి వస్తుంటే.

"అదేలే. నువ్వు యాడ కూసుంటవో జర సూపెట్టు."

ఆమె అతన్ని పక్క తెర వెనక్కి తీసుకెళ్లి స్టూలు మీద కూర్చోబెట్టింది. తన హెడ్‌సెట్ తీసి అతని తలకు సర్దింది. చంద్రమ్మా, మిగతావాళ్లూ కింద ఖాళీ అయిన ముందు వరుసలో కూర్చున్నారు. హాలు వెనక గదిలో వైర్లు చుడుతున్న సాయిచంద్‌కి ఆమె స్టేజీ అంచు నుంచి చేత్తో సైగ చేసింది. స్టేజీ చీకటైంది.

"చెప్పు బాపూ," అంది.

మల్లయ్య గొంతు సవరించుకున్నాడు. చొక్కా కాలరు సర్దుకున్నాడు. "తెల్లారే లైటు," అన్నాడు, అంతకుముందే ఆమె తన చెవిలో చెప్పిన మాటను అక్షరం పోకుండా. "వెయ్యి."

గుట్ట అంచున ఎర్రగా మొదలైంది. వెలుతురు మెల్లగా గోనెగుడ్డ మడతల మీదుగా దిగి మంచం దాకా వచ్చింది. మల్లయ్య కదలకుండా చూస్తున్నాడు.

"తియ్యాల్నా అంకుల్?" అని అడిగాడు సాయిచంద్ హెడ్‌సెట్‌లో.

"జర ఉండనీ," అన్నాడు మల్లయ్య.